ఆముదంలో ఈత: బ్యాక్టీరియా తోక మోడల్, ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి 23

పది లీటర్ల ఆముదం ఇంటికి చేరింది. గానుగ దగ్గర నుంచి రెండు తెల్ల క్యాన్లలో తెచ్చాం. వాకిట్లో దింపుతుంటే అమ్మ చూసి, "ఇంత ఆముదం ఎందుకే?" అంది. "బ్యాక్టీరియా ఎలా ఈదుతుందో చూడటానికమ్మా" అన్నాను. కాసేపు క్యాన్ల వంక చూసి, మూతలు గట్టిగా బిగించమని చెప్పి లోపలికి వెళ్లింది.

ఈ పని మొదలైంది క్లాసులో. డిగ్రీ ఫైనలియర్ పిల్లలకు స్నిగ్ధత, అంటే ద్రవాల జిగట, పాఠం చెబుతూ, బ్యాక్టీరియా నీటిలో ఎలా కదులుతుందని అడిగాను. అందరూ "తోక ఊపుకుంటూ, చేపలాగే మేడమ్" అన్నారు. ఆ జవాబు తప్పని చెప్పడం తేలికే. ఎందుకు తప్పో కళ్లకు కట్టేలా చూపించాలనిపించింది. ఇద్దరు పిల్లలు ఆదివారాలు వస్తామన్నారు. వాళ్లనిక్కడ మొదటివాడు, రెండో అమ్మాయి అనే రాస్తాను.

ఆముదమే ఎందుకంటే: ఒక వస్తువు ద్రవంలో కదిలేటప్పుడు దాని జడత్వం గొప్పదా, ద్రవం జిగట గొప్పదా అని చెప్పేది రేనాల్డ్స్ సంఖ్య. వేగాన్ని పొడవుతో గుణించి, సాంద్రతతో గుణించి, స్నిగ్ధతతో భాగిస్తే వస్తుంది. మనిషి చెరువులో ఈదితే అది పది లక్షలు దాటుతుంది. ఈ. కోలై బ్యాక్టీరియా ఒళ్లు ఒకటి రెండు మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), వేగం సెకనుకు 25, 30 మైక్రాన్లు. దానికి ఈ సంఖ్య 0.00003 దగ్గర ఉంటుంది. అంటే మనకు నీళ్లు నీళ్లే గానీ, దానికి కావు. అదే సంఖ్య రావాలంటే మనిషి ఆముదంలో మునిగి ఎంత నెమ్మదిగా కదలాలో లెక్క వేశాం. రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. రెండో అమ్మాయి రెండుసార్లు మళ్లీ వేసింది. అదే వచ్చింది.

మేం 0.00003 దాకా వెళ్లలేం. ఒకటి కంటే తగ్గితే చాలు, జిగటదే పైచేయి అవుతుంది. ఆ లోకం ఎలా ఉంటుందో కొంతైనా తెలుస్తుంది.

ఫిబ్రవరి 27

సాయంత్రం కాలేజీ ల్యాబులో స్నిగ్ధత కొలిచాం. లీటరు కొలజాడీ నిండా ఆముదం పోసి, సైకిల్ షాపులో తెచ్చిన 3 మి.మీ. పైచిలుకు బేరింగ్ గుండ్లు ఒక్కొక్కటే వదిలాం. ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి 20 సెం.మీ. దూరానికి ఎంత పడుతుందో చూశాం. 30 డిగ్రీల దగ్గర 2.7 సెకన్లు. జాడీ గోడల ప్రభావానికి దిద్దుబాటు వేస్తే స్నిగ్ధత 0.45 పాస్కల్ సెకన్లు, అంటే నీటికంటే 500 రెట్లకు పైనే.

ఒక్కటి ముందే గుర్తుపెట్టుకోవాలి. మర్నాడు పొద్దున 26 డిగ్రీల దగ్గర అదే గుండుకు 3.6 సెకన్లు పట్టింది. మధ్యాహ్నం 34 డిగ్రీలకు 2.1. ఎండతోపాటు ఆముదం పలచబడుతోంది. ఇక ప్రతి కొలత పక్కనా ఉష్ణోగ్రత రాయాల్సిందే.

మార్చి 2

మొదటి మోడల్ తోక కాదు, ఆల్చిప్ప. థర్మోకోల్ ముక్క మీద రెండు చిన్న సర్వో మోటార్లు (చెప్పినంత కోణం మాత్రమే తిరిగేవి), వాటికి 3 సెం.మీ. ప్లాస్టిక్ రెక్కలు. పుస్తకం అట్టల్లా తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. గభాలున మూసి, నెమ్మదిగా తెరిస్తే ముందుకు పోతుందని ఎవరికైనా అనిపిస్తుంది. నీళ్ల టబ్బులో అలాగే పోయింది. నాలుగైదు సార్లు రెక్కలాడించేసరికి టబ్బు అవతలి అంచుకు తగిలింది.

తొట్టి గాజు షాపులో చేయించాం: 75 సెం.మీ. పొడవు, 14 వెడల్పు, 12 లోతు. సిలికాన్ అతుకు పూర్తిగా ఆరడానికి రెండు రోజులు వదిలేశాం. ఆముదం ఒకసారి కారడం మొదలైతే గచ్చు మీద మరక పోదు కాబట్టి తొందరపడలేదు.

మార్చి 9

ఆల్చిప్పను ఆముదంలో పెట్టాం. అర సెకనులో మూత, మూడు సెకన్లలో తెరవడం. తొట్టి అంచుకు అతికించిన స్కేలు పక్కన తెప్ప ముందుకు జరిగింది, వెనక్కి వచ్చింది, మళ్లీ ముందుకు. కానీ ప్రతి విడతకూ దాదాపు ఒక మిల్లీమీటరు ముందుకే మిగిలింది. సిద్ధాంతం ప్రకారం ఇంత జిగటలో ఈ ఆల్చిప్ప ముందుకు పోకూడదు కదా! ముగ్గురం మొహాలు చూసుకున్నాం. లెక్క తప్పా, సిద్ధాంతం తప్పా అని మధ్యాహ్నమంతా టెన్షన్.

తప్పు దొరికింది. రెక్క కొస వేగంతో రేనాల్డ్స్ సంఖ్య వేస్తే 4 దగ్గర వచ్చింది. ఆముదమైనా సరే, అంత గభాలున మూస్తే జడత్వం ఇంకా మాట్లాడుతూనే ఉంది. మూయడానికి 3 సెకన్లు, తెరవడానికి 12 సెకన్లు పెట్టాం. ఇప్పుడు సంఖ్య 0.6. నిష్పత్తి 1కి 4, అంటే ఇప్పటికీ మూసేది తొందరగానే, తెరిచేది నెమ్మదిగానే. ఇరవై విడతలు, సరిగ్గా ఐదు నిమిషాలు, స్కేలు మీద గీతకేసి చూస్తూ కూర్చున్నాం. తెప్ప ముందుకు పోయినంత వెనక్కి వచ్చింది. ఇరవై అయ్యాక మొదలుపెట్టిన గీత దగ్గరే ఉంది.

నాకు ఒళ్లు పులకరించింది. ఇన్నేళ్లు బోర్డు మీద రాసిన జిగట ప్రవాహపు సమీకరణంలో కాలం లేదని తెలుసు. కంటితో చూడటం మొదటిసారి. 1952లో నోబెల్ అందుకున్న ఎడ్వర్డ్ పర్సెల్ 1977లో రాసిన వ్యాసంలో దీన్నే ఆల్చిప్ప సిద్ధాంతం అన్నారు. జిగట మాత్రమే రాజ్యమేలే చోట, వెళ్లిన దారినే తిరిగొచ్చే కదలిక ఏదైనా సరే, ఎంత తొందరగా చేసినా, ఎంత నెమ్మదిగా చేసినా, మిగిలేది సున్న. ఒకే కీలు ఉన్న జీవికి తెరవడం, మూయడం తప్ప మరో దారి లేదు కాబట్టి అది అక్కడ ఈదలేదు. గట్టి చెక్కలాంటి తోకను ఒక కీలు మీద అటూ ఇటూ ఆడించినా ఇదే గతి. క్లాసులో పిల్లలు చెప్పిన జవాబు ఇక్కడే ఆగిపోయింది.

మార్చి 16

మరి ఎలా పోవాలి? ఈ రోజు చేసిన చిన్న ప్రయోగం మొత్తం ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే ఇష్టమైనది. 1 మి.మీ. అల్యూమినియం తీగను 4 సెం.మీ. ముక్కలుగా కత్తిరించి తొట్టిలో వదిలాం. నిలువుగా వదిలిన ముక్క 10 సెం.మీ. లోతుకు దిగడానికి 5 సెకన్లు, అడ్డంగా వదిలినదానికి 8. తీగ ఎంత సన్నగా పొడవుగా ఉంటే ఈ తేడా అంతగా రెండు రెట్లకు దగ్గరవుతుంది. నిలువుగా జారడం సులువు, అడ్డంగా తోసుకుపోవడం కష్టం. ఇంతే సంగతి.

తర్వాత మొదటివాడు ఒక ముక్కను పట్టకారుతో వాలుగా పట్టుకుని వదిలాడు. అది నిటారుగా మారలేదు, పడుకోలేదు. వాలుగా ఉన్నది వాలుగానే ఉండి, దిగుతూ దిగుతూ పక్కకు జారింది. కిందికి లాగేది గురుత్వం ఒక్కటే. పక్కకు తోసినవాళ్లెవరూ లేరు. అయినా అడుగుకు చేరేసరికి సెంటీమీటరు పైగా పక్కకు జరిగింది. "మళ్లీ మేడమ్, మళ్లీ" అంటూ పదిసార్లు వదిలించారు.

బ్యాక్టీరియా తోక రహస్యం మొత్తం ఈ వాలులోనే ఉంది. స్ప్రింగులా చుట్టిన తీగలో ఏ చిన్న ముక్కను చూసినా అది వాలుగానే ఉంటుంది. చుట్టను తిప్పితే ప్రతి ముక్కా అడ్డంగా కదులుతూ కొంచెం నిలువు వైపు, అంటే తోక పొడవు వెంట, తోపు పుట్టిస్తుంది. అడ్డం తోపులు చుట్టూ తిరిగి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. నిలువు తోపులు మాత్రం కూడుకుంటాయి. పైగా తిప్పడం అంటే వెళ్లిన దారిన తిరిగి రావడం కాదు, ఎప్పుడూ ఒకే వైపు. ఆల్చిప్ప సిద్ధాంతం దాన్ని ఆపలేదు.

మార్చి 23

తోక మోడల్ తయారైంది. ఒళ్లు: ల్యాబులో వాడే 50 మి.లీ. మూత గొట్టం, 11.5 సెం.మీ. పొడవు. లోపల నిమిషానికి 30 చుట్లు తిరిగే గేరు మోటారు, చిన్న బ్యాటరీ, అయస్కాంతం దగ్గరకు తెస్తే ఆగిపోయేలా ఒక రీడ్ స్విచ్. ఇరుసు బయటికి వచ్చే రంధ్రంలో గ్రీజు కూరాం. తోక: 2 మి.మీ. అల్యూమినియం తీగ, కరెంటు పనికి వాడే 19 మి.మీ. పైపు మీద మూడు చుట్లు, ఒక్కో చుట్టు పొడవు 6 సెం.మీ. ఈ. కోలై తోకలాగే ఎడమ మర, అంటే మామూలు స్క్రూకు ఎదురు వైపు చుట్టు. రాగి తీగతో మొదట చేస్తే తోక బరువుకు మోడల్ నిటారుగా మునిగింది, అందుకే అల్యూమినియం.

తేలకుండా, మునగకుండా మధ్యలో నిలబెట్టడానికి వలలకు కట్టే సీసం గుండ్లు లోపల చుట్టూ సమానంగా అతికించాం. అరగ్రాము ఎక్కువైతే అడుగుకు, తక్కువైతే పైకి. రెండు గంటలు దీనికే పోయాయి.

స్విచ్ వేశాం. తోక తిరిగింది, మోడల్ కదిలింది. కదలడంతోపాటు ఒళ్లు కూడా తిరగడం మొదలుపెట్టింది, తోకకు ఎదురు దిశలో. అది పెద్ద లోపమనుకుని గుండ్లన్నీ తీసి అడుగు భాగంలో ఒక్క వరుసగా అతికించాం, పడవ అడుగు బరువులాగ. ఒళ్లు తిరగడం ఆగింది. హమ్మయ్య అనుకుని ఇంటికి పంపించేశాను.

మార్చి 30

వారమంతా చదివాక తెలిసింది, అది లోపం కాదు. బ్యాక్టీరియా దేన్నీ పట్టుకుని నిలబడి ఉండదు. తోకను ఒక వైపు తిప్పాలంటే ఒళ్లు రెండో వైపు తిరిగి తీరాలి. ఈ. కోలై తోక సెకనుకు సుమారు 100 చుట్లు తిరిగితే, ఒళ్లు ఎదురు దిశలో పది ఇరవై చుట్లు తిరుగుతుంది. గుండ్లన్నీ మళ్లీ చుట్టూ అతికించాం. వీడియోలో లెక్కపెడితే నిమిషానికి తోక 26, ఒళ్లు 4.

ఒకప్పుడు అసలు తోక తిరుగుతుందని నమ్మేవాళ్లే తక్కువ. జీవిలో చక్రం, ఇరుసు ఉంటాయా? అల ఆడినట్టు ఆడుతుందనుకునేవారు. 1973లో హోవార్డ్ బెర్గ్, రాబర్ట్ ఆండర్సన్ కలిసి తోక తిరుగుతుందని వాదించారు. 1974లో మైకేల్ సిల్వర్‌మన్, మెల్విన్ సైమన్ దాన్ని కంటికి చూపించారు. తోక మైక్రోస్కోపుకు కనిపించేది కాదు, మందం 20 నానోమీటర్లే (నానోమీటరు అంటే మైక్రానులో వెయ్యో వంతు). అందుకని వాళ్లు తోకనే గాజుకు అతికించేశారు. తోక కదలకపోయేసరికి ఒళ్లు మొత్తం గిరగిరా తిరిగింది.

అదే చేసి చూద్దామని రెండో అమ్మాయి అంది. తోక కొసను క్లిప్పుతో ఒక ఇనుప ఊచకు బిగించాం. స్విచ్. తోక నిలబడిపోయింది. ఒళ్లు, లోపలి బ్యాటరీ, సీసం గుండ్లు, అన్నీ కలిసి నిమిషానికి 30 చుట్లు తిరిగాయి. ఎవరం మాట్లాడలేదు. అసలు బ్యాక్టీరియాలో ఆ ఇరుసు దగ్గర ఉండే మోటారు వ్యాసం 45 నానోమీటర్లు. బయటి నుంచి లోపలికి వచ్చే ప్రోటాన్ల ప్రవాహమే దానికి కరెంటు.

ఏప్రిల్ 6

అసలు కొలతల రోజు. ఉదయం ఆరున్నరకే మొదలుపెట్టాం, ఆముదం 27 డిగ్రీలు. మోడల్ 30 సెం.మీ. దాటడానికి 110 సెకన్లు. తోక ఒక్క చుట్టుకు ఎంత ముందుకు పోతోందో లెక్క వేస్తే 6.3 మి.మీ. చెక్కలో దిగే స్క్రూ అయితే చుట్టుకు పూర్తిగా ఒక మర పొడవు, 60 మి.మీ., దిగాలి. మాది పదో వంతే పోతోంది, మిగతాదంతా జారిపోతోంది. నిరాశపడాల్సిన పని లేదు. ఈ. కోలై తోక మర పొడవు 2.3 మైక్రాన్లు, సెకనుకు 100 చుట్లు. స్క్రూలా దిగితే సెకనుకు 230 మైక్రాన్లు పోవాలి, పోయేది 25, 30. అదీ దాదాపు పదో వంతే!

మధ్యాహ్నం రెండున్నరకు మళ్లీ. ఆముదం 34 డిగ్రీలు, పొద్దుటికంటే బాగా పలచన. ఇప్పుడు వేగం పెరుగుతుందని ఇద్దరూ పందెం వేసుకున్నంత నమ్మకంగా ఉన్నారు. 109 సెకన్లు. మళ్లీ చేశాం. 111.

కాగితం మీద చూస్తే ఇది అయ్యే పనే. జిగట తగ్గితే తోక తోపు తగ్గుతుంది, ఒంటికి అడ్డు కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుంది. రెండూ కొట్టేసుకుంటాయి. చుట్టు సంఖ్య మారనంత వరకు దూరాన్ని నిర్ణయించేది తోక ఆకారం, ఒంటి ఆకారం. అంతే. ఆల్చిప్ప విషయంలో తొందర పనికిరాలేదు, ఇక్కడ పలచదనం పనికిరాలేదు. రెండూ ఒకే మాట చెబుతున్నాయి: ఈ లోకంలో ఆకారమే కదలిక. నిజమైన బ్యాక్టీరియాకు జిగట పెరిగితే మోటారుపై బరువు పడి చుట్లు తగ్గుతాయి, అది వేరే సంగతి. మా గేరు మోటారుకు ఆ బరువు లెక్కలోకి రాదు.

చివరగా అయస్కాంతం పెట్టి మోటారు ఆపాం. మోడల్ అక్కడికక్కడే ఆగింది, అర మిల్లీమీటరు కూడా జారలేదు. పర్సెల్ లెక్క ప్రకారం బ్యాక్టీరియా తోక ఆపితే సెకనులో పది లక్షల వంతు లోపే నిలిచిపోతుంది. ఈలోగా అది జారే దూరం హైడ్రోజన్ పరమాణువు వెడల్పులో పదో వంతు.

ఏప్రిల్ 13

ఈ రోజు అసలువాళ్లను చూశాం. ఎండిన వరిగడ్డిని ముక్కలు చేసి నీటిలో 20 నిమిషాలు మరిగించి, చల్లార్చి, పైన గుడ్డ కట్టి రెండు రోజులు ఉంచాం. మరిగినా చావని స్పోర్లు (గట్టి పొరలో నిద్రపోయే బ్యాక్టీరియా) మిగులుతాయి, ప్రధానంగా బాసిల్లస్ జాతివి. పైన సన్నని తెట్టు కట్టింది. చూడటం అయ్యాక అంతా బ్లీచింగ్ కలిపి పారబోశాం. పిల్లలతో చేసేవాళ్లు ఈ చివరి పని మరవకూడదు.

కాలేజీ మైక్రోస్కోపు, 40 రెట్ల లెన్సు. వెలుతురు తగ్గించేదాకా ఏమీ కనిపించలేదు. డయాఫ్రమ్ బాగా మూశాక బూడిద రంగులో చిన్న కడ్డీలు తేలాయి. అన్నీ ఒకే వైపు కొట్టుకుపోతుంటే అది చుక్కలోని ప్రవాహం. ఉన్నచోటే వణుకుతుంటే బ్రౌనియన్ చలనం, అంటే నీటి అణువులు ఢీకొట్టడం వల్ల కలిగే కదలిక. ఒక్కొక్కటి ఒక్కో దారిన పోతుంటే ఈత. ఈ మూడింటినీ విడదీసి చూడటానికి కళ్లకు పావుగంట పట్టింది.

వేగానికి కొలబద్ద కావాలి. 10 రెట్ల లెన్సు కింద ప్లాస్టిక్ స్కేలు పెడితే కనిపించే వలయం 1.8 మి.మీ. అంటే 40 రెట్ల లెన్సుకు 0.45. ఫోన్ వీడియోలో వలయంలో పదో వంతు దాటడానికి ఒక కడ్డీకి రెండు సెకన్లు పట్టింది: సెకనుకు 22 మైక్రాన్లు.

సూటిగా పోతాయి, ఠక్కున ఆగి గింగిరాలు కొట్టి, ఇంకో దిక్కున బయలుదేరతాయి. ఈ. కోలై గురించి బెర్గ్, బ్రౌన్ 1972లో కొలిచింది ఇదే: సుమారు ఒక సెకను పరుగు, సెకనులో పదో వంతు గింగిరం. మోటార్లన్నీ అపసవ్య దిశలో తిరిగితే నాలుగైదు తోకలూ కట్టలా కలిసి తోస్తాయి. కొన్ని దిశ మార్చుకుంటే కట్ట విడిపోతుంది. ఆహారం పెరిగే వైపు పోతున్నంతసేపు గింగిరాలు తగ్గిస్తుంది. దానికి చుక్కాని లేదు, ఎప్పుడు తిరగకూడదో మాత్రం తెలుసు.

"ఆహారం కోసమే అయితే ఉన్నచోటే ఉండి తింటే సరిపోదా మేడమ్?" అని మొదటివాడు అడిగాడు. మంచి ప్రశ్న. చక్కెర లాంటి చిన్న అణువు విసరణ వల్ల, అంటే నీటిలో దానంతటదే వ్యాపిస్తూ, ఒక మైక్రాన్ దాటడానికి అర మిల్లీసెకను చాలు. బ్యాక్టీరియాకు అదే దూరం 40 మిల్లీసెకన్లు. తన చుట్టూ నీటిని కలియబెట్టి లాభం లేదు, ఆహారం దానికంటే వేగంగా అదే వస్తుంది. ఈదేది ఇక్కడి ముద్ద కోసం కాదు, ఇంతకంటే ఎక్కువున్న చోటు కోసం. ఆ ప్రయోజనం దక్కాలంటే కనీసం 40 మైక్రాన్లయినా సూటిగా పోవాలి. వీడియోలో పరుగులు మళ్లీ కొలిచాం. చాలావరకు ఆ పరిధిలోనే ఉన్నాయి.

ఏప్రిల్ 20

రెండు వారాలుగా రాయకుండా దాటేసిన బాధ ఒకటి ఉంది. మోడల్ ప్రతిసారీ కుడి వైపు గోడకే తగులుతోంది. తోక వంకర అనుకుని నాలుగు తీగలు పారేశాం. తొట్టి మట్టం సరిచూశాం. అయినా కుడికే.

మైక్రోస్కోపు వీడియో మళ్లీ చూస్తుంటే రెండో అమ్మాయి పట్టుకుంది. స్లైడు గాజుకు ఆనుకుని ఉన్న కడ్డీలు సూటిగా పోవడం లేదు, గుండ్రంగా, సవ్యదిశలో తిరుగుతున్నాయి. పైన కవర్ స్లిప్ (చుక్క మీద కప్పే పలచని గాజు) అడుగు మీద ఫోకస్ చేస్తే అక్కడివి అపసవ్య దిశలో. రెండూ ఒకటే, మనం చూసే వైపు మారింది. గోడ దగ్గర ఒళ్లు ఒక వైపు దొర్లుతుంది, తోక రెండో వైపు దొర్లుతుంది. ముందు భాగం కుడికి, వెనక భాగం ఎడమకు. కాబట్టి మొత్తం కుడికి తిరుగుతుంది.

మా మోడల్ అడుగుకు సెంటీమీటరు ఎత్తులోనే ఈదుతోంది. రెండు సీసం గుండ్లు తీసి నడిమి ఎత్తుకు తెచ్చాం. కుడికి లాగడం బాగా తగ్గింది.

ఏప్రిల్ 27

కారణం అదే అయితే, మర తిరగేస్తే మలుపూ తిరగబడాలి. కుడి మర తోక కొత్తగా చుట్టాం, మోటారు తీగలు మార్చి ఎదురు దిశలో తిప్పాం. గుండ్లు మళ్లీ వేసి అడుగుకు దగ్గరగా దించాం. పొద్దున ఏడింటికి, 28 డిగ్రీల దగ్గర స్విచ్ వేశాం. అమ్మ కూడా వచ్చి తొట్టి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది.

నలభై సెకన్లు సూటిగా పోతున్నట్టే కనిపించింది. తర్వాత మూతి కొద్దిగా తిరిగింది. తొంభై ఐదో సెకనులో ఎడమ గోడకు తగిలింది.